బోవాకి తేడా చేసిందా? పాముని కాదు, ముందు పెట్టెని చూడండి

ఇంట్లో గాజు పెట్టెలో పెంచుకునే బోవా పాము నలతగా కనిపించగానే మనం దాన్ని బయటకి తీసి అటూ ఇటూ తిప్పి చూస్తాం. నా లెక్కలో అది రెండో పని. ఒంట్లో వేడిని పాము తనంతట తాను పుట్టించుకోలేదు కాబట్టి అరుగుదల, ఊపిరి, కుబుసం, చూలు అన్నీ పెట్టెలోని వేడి, తేమల మీదే నడుస్తాయి. మామూలు బోవాకి వేడి వైపు 31-33 డిగ్రీలు, చల్లటి వైపు 25-27, గాలిలో తేమ 60-70 శాతం ఉండాలి. గోడకి అతికించే ముల్లు మీటర్లని నమ్మకండి. ప్రోబ్ (తీగ చివర ఉండే, వేడిని కొలిచే ముక్క) ఉన్న డిజిటల్ మీటర్లు రెండు కొని చెరో వైపు పెట్టండి.

తిన్న రెండు మూడు రోజులకి కక్కేసింది

ఆ కంపు ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు. సాధారణంగా వేడి చాలకపోవడమో, ఎర మరీ పెద్దదవడమో, తిన్న రెండు రోజుల్లోపే మనం చేతుల్లోకి తీసుకోవడమో కారణం. ఎర పాము నడుము లావుని మించకూడదు.

ఒకసారి నాకు ఇవన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ 32 చూపిస్తోంది, అయినా కక్కింది. వేలు పెట్టి చూస్తే సంగతి తెలిసింది: ప్రోబ్ కింద హీట్ మ్యాట్‌కి (పెట్టె అడుగున పరిచే, కరెంటుతో వేడెక్కే పట్టాకి) ఆనుకుని ఉంది, దాని మీద నేను కొత్తగా పోసిన కొబ్బరి పొట్టు నాలుగు అంగుళాల మందం. పాము కడుపు ఆనే చోట 27 డిగ్రీలే. ఇలాంటప్పుడు మ్యాట్ వేడి పెంచకండి, పాము పొట్టు తవ్వుకుని కిందకి వెళ్తే కాలిపోతుంది. పొట్టు పలచగా చేసి, పాము పడుకునే చోట కొలవండి.

అసలు ప్రమాదం కక్కిన మర్నాడు మొదలవుతుంది. పాపం ఆకలితో ఉందని ఇంకో ఎలుక పెడతాం, అదీ కక్కుతుంది, పాము నీరసించిపోతుంది. కనీసం రెండు వారాలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. తర్వాత మామూలు ఎరలో సగం సైజుది పెట్టండి. మళ్లీ కక్కితే పాముల వైద్యం తెలిసిన డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సిందే. కక్కుతూ, తల పైకెత్తి ఆకాశం చూస్తున్నట్టు ఉండిపోతే, వెల్లకిలా పెడితే తిరగలేకపోతే, రెప్టరీనా వైరస్‌ల వల్ల వచ్చే ఐబీడీ (ఇంక్లూజన్ బాడీ డిసీజ్) అనే జబ్బుని అనుమానించాలి. దానికి మందు లేదు. మిగతా పాముల నుంచి వెంటనే వేరు చేయండి.

తినట్లేదు

కళ్లు నీలంగా మసకబారితే కుబుసం దగ్గరపడింది, అంతే. జత కట్టే కాలంలో మగవి, చూలుతో ఉన్న ఆడవి కూడా మానేస్తాయి. టెన్షన్ పడకుండా రెండు వారాలకోసారి తూకం వేయండి. బరువు నిలకడగా ఉంటే ఆగండి.

కుబుసం ముక్కలుగా ఊడింది

విడిచిన కుబుసంలో తల భాగం వెతికి వెలుతురుకి పట్టి చూడండి. కళ్ల చోట కాంటాక్ట్ లెన్స్‌ల్లాంటి రెండు గుండ్రటి బుడిపెలు ఉండాలి. లేకపోతే అవి కంటి మీదే ఉండిపోయాయి. పట్టకారుతో లాగితే కన్ను పోతుంది. తడి నాచు నింపిన డబ్బా ఒకటి పాము దూరడానికి పెట్టి తేమ పెంచండి, చాలాసార్లు వచ్చే కుబుసంతో పోతాయి.

అలాగని పెట్టెంతా నీళ్లు చల్లకండి. తేమ గాలిలో ఉండాలి, నేల చిత్తడి కాకూడదు. చిత్తడి నేల మీద కడుపు పొలుసులు ఎర్రబడి బొబ్బలెక్కుతాయి. ఊపిరిలో గురగుర, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తే మాత్రం అది ఇంటి వైద్యంతో తగ్గేది కాదు.

జత కట్టాయి, పిల్లల బదులు పసుపు ముద్దలు వచ్చాయి

బోవా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆ ముద్దలు ఫలదీకరణ జరగని అండాలు. పిల్లల మధ్య నాలుగైదు ఉంటే మామూలే. అన్నీ అవే అయితే మగది మరీ చిన్నదై ఉండొచ్చు, లేదా అండం విడుదలయ్యే సమయానికి జత కుదిరి ఉండదు. జత కలిపే ముందు రెండు నెలలు రాత్రి వేడిని 21-22కి దించితే రెండూ సిద్ధమవుతాయి. పగలు వేడి చోటు అలాగే ఉండాలి. జబ్బుగా ఉన్నదాన్ని ఇలా చల్లబరచొద్దు. ఆడది మూడు నాలుగేళ్లు నిండి, బలంగా ఉండాలి, కొవ్వెక్కి కాదు.

అవయవాలన్నీ ఏర్పడిన పిల్లలు చచ్చి పుడితే, చూలు రోజుల్లో వేడి నిలకడగా ఉందో లేదో చూసుకోండి. అండం విడుదలయ్యాక విడిచే కుబుసం తేదీ రాసిపెట్టుకుంటే, దాదాపు 100-120 రోజులకి పిల్లలు.

మగది దగ్గరకే రాలేదు, పిల్లలు పుట్టాయంటే కూడా నమ్మొచ్చు. తండ్రి లేకుండా పుట్టిన బోవా పిల్లల్ని జన్యు పరీక్షలతో నిర్ధారించినట్టు 2010లో ప్రచురించారు. అన్నీ ఆడపిల్లలే.

పుట్టిన పిల్లలు తినట్లేదని కంగారు వద్దు. వారం రెండు వారాల్లో మొదటి కుబుసం విడుస్తాయి. అప్పుడు పెట్టండి మొదటి ఎలుక పిల్ల.