హెడ్‌లైట్ దగ్గరే ఎఫ్‌సీ ఆగిపోతోందా? స్క్రూ తిప్పే ముందు ఇది చూడండి

సమస్య: 15 ఏళ్లు నిండిన కారు, ఆర్‌సీ రెన్యువల్ కోసం ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ టెస్టుకి తీసుకెళ్లారు. బ్రేకులు బాగున్నాయి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, హెడ్‌లైట్ దగ్గర ఫెయిల్. మెకానిక్ స్క్రూ తిప్పి లైటు దించాడు. మళ్లీ ఫెయిల్.

దయచేసి ముందు గోడ మీద వెలుగు చూడండి. ఈ చిన్న పని చేసి వచ్చేవాళ్లు చాలా తక్కువ. టైర్లలో గాలి సరిచేసి, డిక్కీ ఖాళీ చేసి, చదునైన చోట గోడకి ఏడెనిమిది మీటర్ల దూరంలో ఆపి డిమ్ వేయండి. వెలుగు పై అంచు గీత గీసినట్టు తెగాలి, లైటు మధ్యభాగం ఎత్తు కంటే కాస్త కిందుగా ఉండాలి. ఎడమ పక్క మాత్రం కొంచెం పైకి లేస్తుంది. గీత ఉండి ఎత్తు తేడాగా ఉంటే స్క్రూతో సరిపోతుంది. గీతే లేదా? ఎంత తిప్పినా లాభం లేదు.

గీత లేదంటే దాదాపు ప్రతిసారీ హాలోజన్ లైటులో పెట్టిన ఎల్‌ఈడీ బల్బే కారణం. హాలోజన్ బల్బులో వెలిగే తీగ (ఫిలమెంట్) ఉండే చోటుని బట్టి రిఫ్లెక్టర్, అంటే లైటు లోపల వెలుగుని ముందుకి కొట్టే మెరుపు గిన్నె వంపు తయారుచేస్తారు. ఎల్‌ఈడీలో వెలిగే చిప్‌లు ఆ చోటు నుంచి అటూ ఇటూ జరిగితే వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. తీసేసి 60/55 వాట్ల హెచ్4 రకం హాలోజన్ బల్బు పెట్టండి. 100/90 వద్దు, హోల్డరు కాలిపోతుంది.

అసలు తిప్పలు ఇక్కడే. పాత బల్బు పెట్టాక కూడా ఫెయిలవుతుంది! ఎల్‌ఈడీతో వచ్చిన కాలర్ రింగు లోపలే ఉండిపోయిందేమో చూడండి. దాని మీద హాలోజన్ సరిగ్గా కూర్చోదు. హెచ్4కి మూడు చెవులుంటాయి, వెడల్పాటిది పైకి రావాలి. ఆ తర్వాత వెనక రబ్బరు టోపీ చూడండి. ఎల్‌ఈడీ ఫ్యాను పట్టడానికి దాన్ని కోసేస్తారు. కళింగపట్నం, బారువ, విజయనగరం జిల్లా చింతపల్లి లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఆ కన్నంలోంచి ఉప్పుగాలి దూరి రిఫ్లెక్టర్ మెరుపు పోతుంది. బయట అద్దం తళతళలాడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బల్బు తీసి టార్చి వేసి చూడండి. లోపల పాలిపోయినట్టో, మచ్చలుగానో కనిపిస్తే తుడిచి ప్రయోజనం లేదు, తుడిస్తే ఉన్న పూత కూడా లేస్తుంది. లైటు మార్చాల్సిందే, కొత్త రబ్బరుతో సహా. రెండు వైపులా ఒకేసారి మారిస్తే వెలుగు సమానంగా ఉంటుంది.

డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంటే వెనక భాగం కుంగి లైటు పైకి చూస్తుంది. అది స్క్రూ పనే. కానీ కిట్ ఆర్‌సీలో ఎక్కించకపోయినా, సిలిండరుకి మూడేళ్లకోసారి చేయాల్సిన హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) లేకపోయినా ముందు ఆ సంగతి చూసుకోండి.

అద్దాల బ్లాక్ ఫిల్మ్, ముందు బుల్ బార్ ఇంట్లోనే పీకేసి వెళ్లండి, వాటి గురించి వాదన అనవసరం. రంగు మార్చి ఆర్‌సీలో రాయించకపోతే అది కూడా ఆపుతారు. ఎడమ స్టీరింగు దేశాల లైటు ఆన్‌లైన్‌లో కొనేసినవాళ్లు అరుదు. అందులో వెలుగు కుడి పక్క లేస్తుంది, వెనక్కి పంపేయండి.

స్క్రూ చివర్లో తిప్పండి. అదే రోజు రాత్రి గోడ మీద ఇంకోసారి చూసుకుని, మర్నాడు టెస్టుకి వెళ్లండి.