పాత టూరింగ్ బండి కొనడం, 3వ పాఠం: చల్లారిన ఇంజిను, చేతిలో మల్టీమీటరు

కాగితాలు, ఫ్రేము నంబరు సరిచూసుకోవడం రెండో పాఠంతో అయిపోయింది. ఇప్పుడు బండి దగ్గరికి, అంటే దూర ప్రయాణాలకని చేసిన పెద్ద మోటారు సైకిల్ దగ్గరికి వెళ్దాం. వెంట మల్టీమీటరు (వోల్టులు కొలిచే చిన్న పరికరం), చిన్న టార్చి, చేతులు తుడుచుకునే పాత గుడ్డ ఉంటే చాలు.

బయల్దేరే ముందు అమ్మే ఆయనకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి." వెళ్లాక ఇంజిను దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ముందే ఆడించి పెట్టారన్నమాట. అందులో మోసమే ఉండాలని లేదు. బ్యాటరీ మొరాయించి పరువు పోతుందేమోనని కూడా చాలామంది ఆ పని చేస్తారు. కానీ పాత ఇంజిను తన జబ్బులు బయటపెట్టేది చల్లగా ఉన్నప్పుడు, స్టార్టయిన తొలి రెండు మూడు నిమిషాల్లోనే. కాబట్టి మొహమాటపడకుండా ఇంకో రోజు వస్తానని చెప్పండి.

కార్బొరేటర్ బండి అయితే చోక్ లాగి సెల్ఫ్ కొట్టగానే కొద్ది సెకన్లలో అందుకోవాలి. కాసేపయ్యాక చోక్ మూసినా ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకపోయినా ఇంజిను ఆడే నెమ్మది వేగం) నిలబడాలి. మూయగానే ఆగిపోతుంటే, యాక్సిలరేటర్ తిప్పుతూ బతికించాల్సి వస్తుంటే, పైలట్ జెట్లలో (ఐడిల్‌కు పెట్రోలు అందించే సన్నటి రంధ్రాల్లో) పాత పెట్రోలు జిగురు పేరుకుందని అనుమానించండి. "కార్బొరేటర్లు కడిగిస్తే సరిపోతుందండీ" అని అమ్మేవాళ్లు తేలిగ్గా అంటారు. నాలుగు కార్బొరేటర్లు, వాటి మీద ఎయిర్ బాక్సు (గాలి వడపోసే డబ్బా), దాని చుట్టూ ఫెయిరింగ్ (ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బండిలో ఆ కడగడం ఒక పూటలో తెమలదు.

పొగ సంగతి. నీలంగా వచ్చి ఆగకపోతే ఆయిలు కాలుతోంది. తెల్లగా, తియ్యటి వాసనతో ఎంతసేపటికీ తగ్గకపోతే కూలెంట్ (ఇంజినును చల్లబరిచే ద్రవం) సిలిండర్లోకి దిగుతోంది. బీఎండబ్ల్యూ కే100 లాంటి బండ్లలో మాత్రం సిలిండర్లు పక్కకు పడుకుని ఉంటాయి. సైడు స్టాండు మీద రాత్రంతా ఉంచితే పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిలు జారి, పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున పొగ వస్తుంది. కాసేపటికి తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. ఆ రాత్రి సెంటర్ స్టాండు మీద పెట్టించి మర్నాడు చూస్తే అసలు సంగతి తేలిపోతుంది.

ఇక నేను అందరితో వాదించే విషయానికి వస్తాను. మీటరులో కిలోమీటర్లు తక్కువున్నాయని సంబరపడకండి. ఈ బండ్లు పుట్టిందే దూరాలు తిరగడానికి. సర్వీసు పుస్తకం సరిగ్గా ఉంటే లక్ష కిలోమీటర్లు తిరిగిన హోండా గోల్డ్ వింగ్‌ను నేను నిశ్చింతగా చూస్తాను. ఇరవై ఏళ్లలో పన్నెండు వేలే తిరిగి, దుప్పటి కింద మెరుస్తున్న బండంటేనే నాకు భయం. కదలని బండిలో సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు జిగురవుతుంది, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుని క్యాలిపర్ (బ్రేకు డిస్కును నొక్కే భాగం) పిస్టన్లను పట్టేస్తుంది.

నేనూ ఒకసారి అలాంటి మెరుపుకు పడిపోయాను. ఇంటికి తెచ్చిన మూడు నెలల్లో ఫోర్కు సీళ్లు, రెండు క్యాలిపర్లు, కార్బొరేటర్ల డయాఫ్రాములు, పెట్రోలు గొట్టాలు వరసబెట్టి మార్చాను. కొన్న ధరకు దాదాపు అంత సొమ్ము మళ్లీ పోసినట్టయింది. బండి మాత్రం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది!

టైర్ల వయసు తెలుసుకోవడం తేలిక. టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారీ అని అర్థం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, ఆ టైరు మీద ఊరి చివరిదాకా కూడా వెళ్లొద్దు. గాడి లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు దొరకదు. ఏడేళ్లు దాటిన టైర్లకు నేను విలువ కట్టను. కొత్త జత ఖరీదును బేరంలో తగ్గించి అడుగుతాను.

ఇప్పుడు మల్టీమీటరు తియ్యండి. దీని మీదే ఎక్కువసేపు ఉండండి, ఎందుకంటే పాత టూరింగ్ బండ్లను దారి మధ్యలో దించేసేది చాలాసార్లు ఛార్జింగే. డీసీ వోల్టుల మీద పెట్టి, బండి స్టార్ట్ చెయ్యకముందే బ్యాటరీ కొనల మధ్య కొలవండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర చూపాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10 కంటే బాగా కిందికి పడితే బ్యాటరీ అలసిపోయింది. ఇంజిను స్టార్టయ్యాక హెడ్‌లైటు వేసి, మూడు నాలుగు వేల ఆర్పీఎం దగ్గర నిలిపి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బాగున్నట్టు. 15 దాటితే రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజిని హద్దులో ఉంచే భాగం) అదుపు తప్పింది, అది బ్యాటరీని ఉడికిస్తుంది. పన్నెండున్నర దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే ఛార్జింగ్ లేదు.

ఛార్జింగ్ లేదని తేలితే స్టేటర్ (ఇంజినులో కరెంటు పుట్టించే తీగ చుట్టలు) పోయిందని వెంటనే తీర్మానించకండి. ముందు స్టేటర్ నుంచి వచ్చే మూడు తీగల కనెక్టర్ చూడండి. చాలా జపాన్ బండ్లలో మూడూ పసుపు పచ్చవే. ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి ఉంటే తప్పు అక్కడే ఉండొచ్చు. బాగుంటే దాన్ని ఊడదీసి, ఇంజిను నడుస్తుండగా ఏసీ వోల్టుల్లో రెండేసి తీగల మధ్య కొలవండి. మూడు జతల లెక్కా దాదాపు ఒకేలా రావాలి. ఇంజిను ఆపేశాక ఏ తీగకూ ఇంజిను లోహానికీ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండకూడదు. రెండూ సరిగ్గా ఉంటే అనుమానం రెగ్యులేటర్ మీదికి వెళ్తుంది.

ఇంత లోతుకు ఎందుకు దిగుతున్నానో ఒక ఉదాహరణతో చెప్తాను. 1984లో వచ్చిన గోల్డ్ వింగ్ జీఎల్1200లో స్టేటర్ ఇంజిను వెనక భాగంలో ఉంటుంది. అది మార్చాలంటే ఇంజినునే ఫ్రేములోంచి దించాలి. 1988లో ఆరు సిలిండర్లతో వచ్చిన జీఎల్1500లో కార్లలో ఉన్నట్టు విడి ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే యంత్రం). ఇంజినును దించకుండానే బయటికి వస్తుంది. జబ్బు ఒకటే, వైద్యం ఖర్చులో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఈ రెండు బండ్లలోనూ వాల్వులను తెరిచే క్యామ్‌లను తిప్పేది రబ్బరు బెల్టులు. 2001లో వచ్చిన జీఎల్1800కి వచ్చేసరికి వాటి చోటులో గొలుసు పెట్టారు. బెల్టు ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ లేత రంగులో ఉండాలి, నల్ల కాఫీలా కాదు. బ్రేక్ గొట్టాలను వంచితే పగుళ్లు కనబడకూడదు. సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరు నొక్కి పట్టుకుంటే ముందు చక్రం పైకి లేస్తుంది. హ్యాండిల్‌ను ఒక వేలితో అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. ఇది పెద్ద ఖర్చేమీ కాదు, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది.

నాలుగో పాఠానికి ముందు సాధన: మీ దగ్గరున్న బండికో, స్నేహితుడి బండికో మూడు అంకెలు రాసుకోండి. స్టార్ట్ చేయకముందు వోల్టేజి, సెల్ఫ్ కొడుతున్నప్పటిది, నాలుగు వేల ఆర్పీఎం దగ్గరిది. వాటి పక్కనే రెండు టైర్ల తయారీ వారం, సంవత్సరం కూడా. చల్లటి ఇంజినుతో ఒకసారి, గంట తిరిగొచ్చాక మరోసారి కొలిచి తేడా చూడండి. వచ్చే పాఠంలో బండిని రోడ్డెక్కించి, షాఫ్ట్ డ్రైవు (గొలుసుకు బదులు వెనక చక్రాన్ని తిప్పే కడ్డీ) చేసే చప్పుళ్లలో దేనికి భయపడాలో, దేన్ని వదిలెయ్యాలో విందాం.