వానలో నాన్-లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

ఇంగ్లండ్‌కి చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ముందు ప్రీమియర్ లీగ్ టికెట్ కోసం నానా తిప్పలు పడతారు, ధర చూసి ఊరుకుంటారు. శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ ఇంట్లో చూద్దామన్నా కుదరదు, ఎందుకంటే ఇక్కడ శనివారాలు 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్‌ని టీవీలో లైవ్‌గా వేయకూడదన్న నియమం ఉంది. జనం ఇంట్లో కూర్చోకుండా చిన్న క్లబ్బుల గ్రౌండ్లకి వెళ్లాలని పెట్టిన నియమం అది. కాబట్టి వెళ్లండి. వాన పడుతున్నా వెళ్లండి, ఇంకా చెప్పాలంటే వాన పడుతుంటేనే వెళ్లండి.

నాన్-లీగ్ అంటే ఏంటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో: ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఈ నాలుగింటిలో కలిపి 92 క్లబ్బులు. ఐదో మెట్టు నేషనల్ లీగ్. అక్కడి నుంచి కిందికి ఊళ్ల క్లబ్బులు, పేటల క్లబ్బులు, అన్నీ నాన్-లీగే. కింది మెట్లలో ఆడేవాళ్లు చాలామంది వారమంతా వేరే పని చేసుకుని సాయంత్రాలు ప్రాక్టీస్ చేస్తారు. స్ట్రైకర్ జేమీ వార్డీ స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే ఇలాంటి క్లబ్బులోనే ఆడాడు, తర్వాత 2016లో లెస్టర్ సిటీ జట్టు తరఫున ప్రీమియర్ లీగ్ గెలిచాడు. రైలింగ్ ఇవతల మీరు, అవతల చెయ్యి చాచితే అందేంత దూరంలో అలాంటి కుర్రాడెవరో పరిగెడుతుంటాడు.

వానరోజు అన్నిటికన్నా ముఖ్యమైన పని, మ్యాచ్ అసలు ఉందో లేదో తెలుసుకోవడం. పిచ్ మీద, అంటే ఆడే గడ్డి మీద, నీళ్లు నిలిస్తే రద్దు చేసేస్తారు. చాలాసార్లు ఉదయమే ఒక రిఫరీ వచ్చి చూసి వెళ్తాడు, అనుమానంగా ఉంటే మధ్యాహ్నం మళ్లీ చూస్తారు. క్లబ్ సోషల్ మీడియా పేజీలో "పిచ్ ఇన్‌స్పెక్షన్" అన్న మాట కనబడిందంటే ఫలితం వచ్చేదాకా ఇల్లు కదలొద్దు. నేనొకసారి నవంబర్లో రెండు రైళ్లు మారి, స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు ముసురులో నడిచి వెళ్లేసరికి గేటుకి తాళం. రద్దయిన కబురు నేను రెండో రైలెక్కాక పెట్టారట. అప్పటినుంచి ప్రతి రైలు ఎక్కేముందు ఫోన్ చూస్తాను, స్టేషన్‌లో దిగాక ఇంకోసారి చూస్తాను.

వారమంతా వాన పడితే కృత్రిమ గడ్డి ఉన్న గ్రౌండ్ వెతుక్కోవడం మంచిది, ఇక్కడ దాన్ని త్రీజీ పిచ్ అంటారు, నీళ్లు త్వరగా దిగిపోతాయి. కెంట్‌లో మెయిడ్‌స్టోన్ యునైటెడ్ గ్రౌండ్ అలాంటిదే. కానీ నిజం గడ్డి మీద వానలో ఆట చూడ్డం వేరే సంగతి, ఆ రిస్కు తీసుకోవచ్చనే అంటాను.

త్వరగా చేరగలిగితే 2 గంటలకల్లా లోపలుండండి, పిచ్ పరీక్ష కళ్లారా చూడొచ్చు. ఒకసారి రిఫరీ బంతి పట్టుకుని గోల్ ముందున్న చిత్తడి దగ్గరికి వచ్చి నడుమెత్తు నుంచి వదిలాడు. థప్‌మని పడి అక్కడే ఆగిపోయింది. రెండడుగులు పక్కకి జరిగి మళ్లీ వదిలాడు, ఈసారి కాస్త లేచింది. ఆ పక్కనే గ్రౌండ్ చూసుకునే పెద్దాయన పొడవాటి పళ్ల ఫోర్కుతో నేలలో గుచ్చుతూ, నీళ్లు దిగడానికి కన్నాలు చేస్తూ ఉన్నాడు. రిఫరీ తల ఊపాక గానీ ఆయన ఫోర్కు పక్కన పెట్టలేదు. ఆ రోజు మ్యాచ్ జరిగింది ఆయన వల్లే అని ఇప్పటికీ అనుకుంటాను.

జీన్స్ మాత్రం వేసుకోకండి, తడిస్తే బరువెక్కి సాయంత్రం దాకా ఆరదు. లోపల థర్మల్, పైన టోపీ ఉన్న రెయిన్‌కోటు, కాళ్లకి నీళ్లు దిగని బూట్లు, బ్యాగులో ఇంకో జత సాక్సులు, వాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. గొడుగు తీసుకెళ్లినా రైలింగ్ దగ్గర తెరవొద్దు, వెనకవాళ్లకి ఆట కనబడదు. పైకప్పున్న స్టాండ్ ఉంటుంది గానీ గాలి అటు తిరిగితే జల్లు లోపలికే కొడుతుంది, అందుకని ముందు వరస వదిలేసి పైకి వెళ్లండి.

టికెట్ చాలాచోట్ల 10 నుంచి 15 పౌండ్ల మధ్య ఉంటుంది, విద్యార్థులకి తగ్గిస్తారు, ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. కొంత చిల్లర కూడా ఉండాలి, రాఫిల్ అనే చిన్న లాటరీ టికెట్లమ్మే పెద్దవాళ్ల దగ్గర కార్డు మెషీన్ ఉండకపోవచ్చు. ఆ ఒకటీ రెండు పౌండ్లు క్లబ్‌కి నిజంగా పనికొస్తాయి, కొనండి.

టీ బార్‌లో చిప్స్, టీ హాయిగా తీసుకోవచ్చు. బోవ్రిల్ అని వేడివేడిగా ఒకటి అమ్ముతారు, అది బీఫ్ సారంతో చేసేది, తిననివాళ్లు గుర్తుంచుకోండి. పై (pie) అని పిండి లోపల ఏదో ఒకటి కూరి కాల్చినది ఉంటుంది, తీసుకునేముందు లోపల ఏముందో అడగండి, చీజ్ అండ్ ఆనియన్ ఉంటే శాకాహారులు బతికిపోయినట్టే.

చాలా గ్రౌండ్లలో రెండు జట్ల అభిమానులకి అడ్డుగోడలుండవు. హాఫ్‌టైమ్‌లో తమ జట్టు ఏ గోల్ వైపు ఆడుతుందో అటు అందరూ నడిచి వెళ్తారు, మీరూ వాళ్ల వెంట వెళ్లండి. లండన్‌లో మొదటిసారి చూడాలనుకుంటే ఈస్ట్ డల్విచ్ స్టేషన్ దగ్గర్లోనే డల్విచ్ హ్యామ్లెట్ వాళ్ల ఛాంపియన్ హిల్ ఉంది. గులాబీ, నీలం స్కార్ఫులు కనబడతాయి, దారి అడగక్కర్లేదు.

ఆటలో ఏం చూడాలంటే, బంతి తడి గడ్డి మీద జర్రున జారి నీటి మడుగులో టక్కున ఆగిపోతుంది, డిఫెండర్ దాన్ని దాటి ముందుకెళ్లిపోతాడు, వెనక వచ్చిన స్ట్రైకర్‌కి అది పండగ. గోల్‌కీపర్ వల దగ్గర పెట్టుకున్న టవల్‌తో మాటిమాటికీ గ్లౌజులు తుడుచుకుంటాడు. దూరం నుంచి నేలబారుగా కొట్టిన షాట్ ప్రతిదీ టెన్షనే. గోల్ వెనక నిలబడితే అతను డిఫెండర్ల మీద అరిచే ప్రతి మాటా వినిపిస్తుంది.

డిసెంబర్లో నాలుగు కాకముందే చీకటి పడుతుంది. ఫ్లడ్‌లైట్ల వెలుగులో వాన సూదుల్లా దిగుతుంటే చలి ఎముకల్లోకి పోతుంది, అయినా తొంభై నిమిషాలూ ఉండండి, బురదలో ఆఖరి పది నిమిషాల్లో కాళ్లు అలిసిపోయాక గోల్స్ పడతాయి. విజిల్ మోగాక ఆటగాళ్లు లోపలికెళ్లే టన్నెల్ దగ్గర కాసేపు నిలబడి చప్పట్లు కొట్టండి. రైల్లో సాక్సులు మార్చుకుని, ఇంటికి రాగానే బూట్లలో పాత పేపర్లు కుక్కి పెట్టండి, హీటర్ మీద పెడితే తోలు పగులుతుంది. మంగళవారం రాత్రి మళ్లీ మ్యాచ్ ఉండొచ్చు, అప్పటికి ఆరాలి.