పాము పెట్టెలో అడుగున ఏం పరచాలి?

డాలస్‌లో మా ఇంట్లో ఒక కార్న్ స్నేక్, ఒక బాల్ పైథాన్ ఉన్నాయి. రెండింటికీ ఒకే పరుపు పనికిరాదు.

కార్న్ స్నేక్‌కి ఆస్పెన్ చెక్క తురుము 3 అంగుళాల మందాన పోస్తాను. అందులో సొరంగాలు చేసుకుని, ముక్కు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది, చూడముచ్చటగా! కానీ తడిస్తే ఆస్పెన్ బూజు పడుతుంది. నీళ్ల గిన్నె చుట్టూ రోజూ చూడండి.

బాల్ పైథాన్‌కి గాలిలో తేమ 60 శాతం దాకా ఉండాలి, అందుకే కొబ్బరి పొట్టు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. పైపొర పొడిగానే ఉంచండి. ఎప్పుడూ చెమ్మగా ఉంటే పొట్ట కింది పొలుసులు పుండ్లు పడతాయి.

సీడర్ చెక్క పొట్టు వద్దే వద్దు, ఆ ఘాటు నూనెలు పాములకు విషం.

కొత్తగా తెచ్చిన పాముకి మొదట్లో పేపర్ టవల్ చాలు. తెల్లకాగితం మీద నల్లటి మైట్స్ (పాము రక్తం పీల్చే చిన్న పురుగులు) ఇట్టే కనబడతాయి.