అల్పపీడనం పట్టకముందే: నెల్లూరు వైపు ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లే పరిశోధక విద్యార్థులకు జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే మా నెల్లూరు వైపు పక్షుల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకు కాలు నిలవదు. ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి, చెరువులు నిండుతాయి, గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు గూళ్లు కట్టుకోవడానికి చేరతాయి. ఏడాది మొత్తానికి డేటా దొరికేది ఈ నాలుగైదు నెలల్లోనే. తుపానులు వచ్చేదీ ఈ నెలల్లోనే.

నా మొదటి సీజన్‌లో వాయుగుండం కబురు తెలిసి కూడా బయల్దేరాను. ఆ వారం లెక్క తప్పితే గ్రాఫ్‌లో గ్యాప్ వస్తుందన్న టెన్షన్. దారిలో చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, మోకాలికి కూడా రావనిపించింది. సగం దూరం పోయాక స్కూటీ వెనక చక్రం పక్కకు కొట్టుకుపోయింది. గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఒకరు నన్ను చెయ్యి పట్టి ఒడ్డుకు లాగారు. బండి, అందులో ఉన్న నోట్‌బుక్ పోయాయి. ఆయన అడిగింది ఒకటే: "పిట్టల్ని లెక్కపెట్టేదానికా తల్లీ, ఇంత వానలో వచ్చింది?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ధైర్యం ఎక్కువై వెళ్లలేదు. ఎక్కడ ఆగాలో ముందుగా అనుకోలేదు, అంతే. వాన పడుతున్నప్పుడు, గైడ్ రిపోర్టు అడుగుతున్నప్పుడు, ఫెలోషిప్ గడువు తరుముకొస్తున్నప్పుడు ఎవరికీ సరైన ఆలోచన రాదు. అందుకని ఆ నిర్ణయం సెప్టెంబరులోనే, ఎండ కాస్తుండగానే, గైడ్‌తో కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఇద్దరూ సంతకాలు పెట్టండి.

నా కాగితంలో ఉన్నవి ఇవి. వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇస్తే బయల్దేరకూడదు. చెరువు నిండి కలుజు (అదనపు నీరు పొర్లిపోయే చోటు) పారుతుంటే కట్ట ఎక్కకూడదు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, లోతు ఎంత తక్కువనిపించినా దాటకూడదు. ఉరుము వినిపిస్తే స్కోప్ (పక్షుల్ని చూసే దూరదర్శిని) మడిచేసి పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. మన తీరంలో బయలు మీద ఒంటరి తాటిచెట్టు కనబడితే వాన తడవకుండా దాని కిందికి చేరాలనిపిస్తుంది. పిడుగు ముందు వెతుక్కునేది దాన్నే. ట్రైపాడ్ పెట్టుకుని చెరువు కట్ట మీద నిలబడినా అంతే ప్రమాదం.

వెళ్లలేని రోజు పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంచి, పక్కన 'వాతావరణం వల్ల వెళ్లలేదు' అని రాయండి. గణాంక పద్ధతులు ఖాళీలను తట్టుకుంటాయి. అంచనాగా నింపిన అంకె మాత్రం థీసిస్ మొత్తాన్ని పాడుచేస్తుంది.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. నదికి అవతల ఉన్నవాళ్లు ఇవతలికి రాలేకపోయారు. కాబట్టి ఏటికి ఆవలి ఒడ్డున బస చేస్తుంటే మూడు రోజులకు సరిపడా మందులు, తాగునీరు, చిల్లర డబ్బులు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంక్ దగ్గరుంచుకోండి. కరెంటు పోతే ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు.

ఆగాలా వద్దా అన్న నిర్ణయంలో మీ వెంట వచ్చే స్థానికుడికి సగం హక్కు ఇవ్వండి. ఈ ప్రాంతంలో ఆ మనిషి చాలాసార్లు యానాది గిరిజనుడు అయి ఉంటాడు. 1840లలో నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ ఇక్కడి పక్షుల సంగతులు యానాదుల దగ్గర అడిగి తెలుసుకున్నాడు. ఇంగ్లిష్‌లో ఆయన పేరుతో పిలిచే కలివికోడి (జెర్డన్స్ కోర్సర్) అనే పక్షి అంతరించిపోయిందనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది స్థానిక వేటగాడి సాయంతోనే. అంత తెలిసిన మనిషి "ఈ పూట వద్దమ్మా" అంటే కారణం అడగక్కర్లేదు, తిరిగి వచ్చేయండి. పని ఆగిన రోజుకు కూడా కూలి ఇవ్వండి. ఇవ్వకపోతే ఆయన మీకోసం వద్దు అనాల్సిన చోట కూడా సరే అంటాడు. బూట్లు, టార్చ్, రెయిన్‌కోటు మీకొకటి, ఆయనకొకటి కొనండి. గ్రాంటులో ఆ లైను మొదటే పెట్టించుకోండి.

పాముల విషయం. గట్ల మీద రక్తపింజరి, నాగుపాము తిరుగుతాయి. మోకాలి దాకా గమ్‌బూట్లు, చేతిలో కర్ర, సంధ్య పడ్డాక టార్చ్ ఉండాలి. నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రి పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలుతుంటే గ్యాస్ అనుకుని ఆలస్యం చేయకండి. మంచం, దోమతెర కచ్చితంగా ఉండాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నాటుమందు వద్దు. కరిచిన భాగం కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో సీజన్ మొదట్లోనే స్వయంగా వెళ్లి అడిగి, ఆ నంబరు కాగితం మీద రాసుకోండి.

సరుగుడు తోటల్లో, పొదల అంచున కూర్చుని గంటలు గంటలు గమనించేవాళ్లకు స్క్రబ్ టైఫస్ భయం ఉంది. కంటికి ఆననంత చిన్న పురుగు కుడుతుంది. పది రోజులకు అటూ ఇటూగా జ్వరం వస్తుంది. చంకలోనో, నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపించవచ్చు, అది నొప్పి పెట్టదు. సమయానికి మందు పడితే తగ్గే జబ్బు ఇది. డాక్టరుతో "జ్వరం" అని ఊరుకోకుండా "పొదల్లో పనిచేశాను, వరద నీళ్లలో నడిచాను" అని చెప్పండి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) కూడా రావచ్చు. కాలికి పుండు ఉంటే ఆ రోజు నీళ్లలో దిగకండి.

రొయ్యల గుంటల గట్ల మీద ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) కరెంటు వైర్లు తడి నేల మీద పడి ఉంటాయి. యజమానికి ముందు చెప్పి, ఆయన మనిషి దారి చూపిస్తేనే నడవండి.

మనకు జరిగేవి సరే, మన వల్ల పక్షులకు జరిగేవి ఉన్నాయి. గూళ్ల చెట్ల కిందికి వెళితే తల్లిపక్షులు లేస్తాయి, కాకులు ఆ నిమిషం కోసమే కాచుకుని ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో నీడ పట్టే తల్లి లేకపోతే పిల్లలు వడలిపోతాయి. పక్షులు గూటి మీద లేచి నిలబడి మనవైపే చూస్తుంటే మనం దగ్గరైపోయామని అర్థం. వెనక్కి జరగండి, వాచ్‌టవర్ నుంచి స్కోప్‌తో చూడండి. గూళ్ల మీద డ్రోన్ ఎగరేయకండి.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. చచ్చిన పక్షి కనిపిస్తే శాంపిల్‌కు పనికొస్తుందని ముట్టుకోకండి, పశుసంవర్ధక శాఖకు, అటవీ శాఖకు చెప్పండి. చెరువు దగ్గర తిరిగిన బూట్లతో కోళ్లఫారం వైపు పోవద్దు.

అనుమతులు ఆలస్యమవుతాయి, జూన్‌లోనే మొదలుపెట్టండి. పక్షులు గూళ్లు కట్టే నేలపట్టు 1976 నుంచి అభయారణ్యం, 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అక్కడ పరిశోధనకు అడుగుపెట్టాలంటే రాష్ట్ర అటవీ శాఖలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. 1972 వన్యప్రాణి చట్టంలో రాలిన ఈక కూడా లెక్కలోకి వస్తుంది, అందుకని జన్యు పరీక్షకు ఈకలు ఏరాలన్నా అనుమతి పత్రంలో ఆ మాట ఉండాలి. శ్రీహరికోట చుట్టుపక్కల పెద్ద లెన్స్ పట్టుకుని తిరిగితే పోలీసులు అడుగుతారు, అడగాలి కూడా. పత్రం జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో వెంట ఉంచుకోండి.

జన్యు నమూనాలు తీసేవాళ్లకు ఒక మాట. నమూనాలు పాడవకుండా పోసే ఇథనాల్ (స్పిరిట్) తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన చిన్న కాగితం ముక్క ట్యూబు లోపల వేయండి. తుపాను వేళ కరెంటు రెండు మూడు రోజులు రాదు, ఫ్రీజర్‌ను నమ్మకండి. ప్రతి నమూనాను రెండుగా పంచి, ఒకటి ఇథనాల్‌లో వేరే ఊరిలో పెట్టండి. ఇథనాల్ మండుతుంది, బస్సులో తీసుకెళ్లకండి. నోట్‌బుక్ పేజీలకు ప్రతి సాయంత్రం ఫోటో తీసి ఎవరికైనా పంపండి. నా నోట్‌బుక్ ఏటిపాలైన రోజుకు నా దగ్గర ఆ అలవాటు లేదు.

బయల్దేరే ముందు ఇంట్లోవాళ్లకో, స్నేహితురాలికో మూడు సంగతులు మెసేజ్ పెట్టండి: ఏ చెరువు, వెంట ఎవరు, ఎన్నింటికి తిరిగి ఫోన్ చేస్తారు. ఆ టైం దాటి అరగంటైనా మీ ఫోన్ రాకపోతే ముందు వెంట వచ్చిన మనిషికి, తర్వాత గైడ్‌కు, ఆ తర్వాత 112కు చేయమని చెప్పండి. ఆ మూడు నంబర్లూ అదే మెసేజ్‌లో ఉండాలి.