విశాఖలో ఇంటి పచ్చికకు బ్యాటరీ లాన్ మోవర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ముందు టేపు తీసుకుని గడ్డి ఉన్న మేర మాత్రం కొలవండి. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో ఇంటి ముందు 30, 40 గజాల పచ్చిక ఉంటే మోటారుతో పనే లేదు. చేత్తో తోసే రీల్ మోవర్ చాలు, డబ్బు మిగుల్చుకోండి. వంద గజాలు దాటితేనే బ్యాటరీ మోవర్ కొనడంలో అర్థం ఉంది. కుండీల మధ్య, గోడ పక్కన ఉన్న ఇరుకైన దారినీ కొలవండి. ఇంటి తోటకు 32 నుంచి 38 సెంటీమీటర్ల కోత వెడల్పు సరిపోతుంది.

తర్వాత బ్యాటరీ. అసలు బేరమంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకండి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వోల్టుల సంఖ్య చూసి మోసపోవద్దు. 20 వోల్టులని అమ్మే బ్యాటరీ పనిచేసేటప్పుడు ఇచ్చేది సుమారు 18, 40 అని అమ్మేది సుమారు 36. ఈ అసలు వోల్టులను బ్యాటరీ మీద రాసి ఉండే ఆంపియర్ అవర్లతో (Ah) గుణిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి, వస్తాయి. 36 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లయితే 72. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లయితే 90. అంటే వోల్టులు తక్కువున్న బ్యాటరీలోనే నిల్వ ఎక్కువ! అయితే దట్టంగా పెరిగిన గడ్డిని కోయడానికి 36 వోల్టుల యంత్రమే సాధారణంగా నయం. అందులోనే 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దొరికితే నా ఓటు దానికే.

ఒక్క చార్జింగ్‌తో ఇంతసేపు నడుస్తుందని కంపెనీ చెప్పే నిమిషాలను సగానికి తగ్గించి లెక్క వేసుకోండి. అవి పొడిగా, పొట్టిగా ఉన్న గడ్డికి చెప్పినవి. మనకు జూన్ నుంచి నవంబరు దాకా వానలే. తడి గడ్డి బ్లేడు చుట్టూ ముద్దకట్టి బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. కొన్ని చోట్ల తక్కువ ధర చెప్పేది బ్యాటరీ, చార్జర్ లేని యంత్రానికి. ఆ రెండూ కలిపి ఎంతో అడగండి. విడి బ్యాటరీ, బ్లేడు ఊళ్లోనే దొరుకుతాయో లేదో, బ్యాటరీకి వారంటీ ఎన్నాళ్లో కూడా కనుక్కోండి.

లాసన్స్ బే, పెద వాల్తేరు లాంటి చోట్ల ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. అందుకే డెక్, అంటే బ్లేడును కప్పి ఉంచే భాగం, స్టీలుది కన్నా గట్టి ప్లాస్టిక్‌ది మేలు. దుకాణంలో యంత్రాన్ని పక్కకు వంచి స్క్రూలు, ఎత్తు మార్చే స్ప్రింగు, చక్రాల ఇరుసు చూడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే. మోటారు బ్రష్‌లెస్ అయితే అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఉండవు, చార్జింగూ ఎక్కువసేపు వస్తుంది.

కోత ఎత్తును 25 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా మార్చగలిగేది తీసుకోండి. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. ఎండాకాలంలో కాస్త ఎత్తుగానే వదిలితే వేళ్ల దగ్గర తేమ నిలుస్తుంది.

డబ్బు కట్టే ముందు బ్యాటరీ పెట్టించి నడిపి చూడండి. పిడి వదలగానే బ్లేడు ఆగాలి. మెట్లు ఎక్కించాల్సిన ఇల్లయితే మీరే ఎత్తి చూడండి. కోత అయ్యాక వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కు పెట్టకండి, ఎండ తగిలే వరండాలో అసలే వద్దు. అడుగున గడ్డి తీసేటప్పుడు బ్యాటరీని ముందే బయటికి తీయండి. ఇంట్లో పిల్లలుంటే సేఫ్టీ కీని (ఇది పెట్టకపోతే యంత్రం నడవదు) వాళ్లకు అందని చోట పెట్టండి.