డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలతో పదాలు చదివించడం – 4వ పాఠం: 'ఏది?' అని అడిగాక

జతపరచడం చెప్పిన పాఠం తర్వాత టీచర్ల నుంచి వచ్చిన ఫిర్యాదులన్నీ ఇంచుమించు ఒకటే: పిల్లాడు కార్డులు విసిరేస్తున్నాడు, పాప బల్ల కింద దూరుతోంది. ఒక పదమున్న కార్డు మీద అదే పదమున్న కార్డు పెట్టించమంటే, మీరు మధ్యలో "ఇదేంటి, చెప్పు" అన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు అర్థమైనదంతా నోట పలకదు. పలకలేనప్పుడు తప్పించుకుంటారు. దాన్ని మొండితనమని రిజిస్టర్‌లో రాయకండి. ముందు జతపరచడం, తర్వాత చూపించడం, ఆఖర్న చెప్పడం. ఇవాళ రెండోది.

కళ్లజోడు ఉంటే పెట్టించండి. మీ ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చోండి. కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గడం వీళ్లలో మామూలే, అందుకే మీ పెదాలు కనబడాలి. బల్ల మీద రెండే కార్డులు: 'అమ్మ', 'పాలు'. తెల్ల అట్ట, లావు నల్ల మార్కర్. బొమ్మ వేయొద్దు, వేస్తే బొమ్మనే గుర్తుపడతారు. చూడ్డానికి ఒకేలా ఉండే 'బంతి', 'బండి' లాంటివి పక్కపక్కన పెట్టకండి. "అ ఆలు రాకుండా పదాలా?" అంటారా, విన్నదానికంటే చూసింది వీళ్లకు బాగా గుర్తుంటుంది. గుణింతం తర్వాత చూద్దాం.

"అమ్మ ఏది?" అని అడిగి ఆగండి.

ఈ ఆగడమే ఎవరివల్లా కావడం లేదు. రెండు సెకన్లు కాగానే "అమ్మ అని రాసింది చూపించు", వెంటనే "ఏదీ, అమ్మ కార్డెక్కడ నాన్నా?" మీకది ఒకే ప్రశ్న, బిడ్డకు మూడు. విన్న మాటను కాసేపు మనసులో పట్టి ఉంచడమే వీళ్లకు కష్టం. మొదటి ప్రశ్నను పట్టుకుని చెయ్యి కదిలించబోతుండగా రెండోది దాన్ని చెరిపేస్తుంది. గదిలో ఉన్న ఆయమ్మ కూడా "చూపించమ్మా" అంటే నాలుగు. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ చెయ్యి కదలకపోతే అవే మాటలు, అదే వరుసలో, ఒక్కసారి. అన్నట్టు, జవాబున్న కార్డు వైపు మీరు చూడకండి. పిల్లలు మీ కళ్లను చదివేస్తారు.

చెయ్యి తప్పు కార్డు వైపు వెళ్తుంటే "కాదు" అనొద్దు. సరైన కార్డును ముందుకు జరపండి, వేలు పట్టి ఆనించి "అమ్మ" అనండి. కార్డుల చోట్లు మార్చి మళ్లీ అడగండి. ఐదు నిమిషాలు చాలు.

అభ్యాసం: ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసుకోండి. 20 ప్రశ్నలకు, ప్రతి ప్రశ్న తర్వాత మీరు ఎన్ని సెకన్లు నోరు మూసుకున్నారో రాయండి. బిడ్డ కార్డు ముట్టకముందే, పది సెకన్లలోపు మీరు నోరు తెరిచినవి నాలుగు దాటితే 5వ పాఠం తెరవకండి.